జీపుకు కమాన్ కట్టలు మంచియా, కాయిల్ స్ప్రింగులు మంచియా?



మనము సెలవులకు ఇంటికి పోయేటప్పుడు సిద్దిపేట బస్టాండులో బస్సు ఎక్కుతాము. తర్వాత ఇంకొక బస్సు మారుతాము. తారు రోడ్డు అయిపోయిన కాడ దిగి జీపు ఎక్కుతాము. అక్కడి నుండి రాళ్లు, వాగులు, బండి బాటలు. ఒక జీపు మనల్ని ఎగరేసి ఎగరేసి తీసుకపోతది. ఇంకొక బండి అదే బాటలో ఊయల లెక్క ఊపుకుంట తీసుకపోతది. డ్రైవరు మంచిగ నడిపిండు అని మనము అనుకుంటాము. అది కొంత నిజమే. కాని మిగతా సగము జవాబు బండి కింద ఉంటుంది. కిందికి వంగి చూస్తే రెండు రకాల స్ప్రింగులు కనపడతయి. ఒకటి కమాన్ కట్ట, రెండవది కాయిల్ స్ప్రింగు. అడవి బాటలో తిరిగే బండికి ఏది మంచిది అనేది ఈ వ్యాసములో వివరిస్తాను.

బండికి స్ప్రింగు ఎందుకు?

ఎడ్లబండిని గుర్తు చేసుకోండి. దానికి ఇరుసు మీదనే బండి ఉంటది. నడుమ ఏమీ ఉండదు. చక్రము నాలుగు అంగుళాల రాయి ఎక్కితే బండి కూడా ఆ పక్క నాలుగు అంగుళాలు లేస్తది. మన పెద్దలు కేస్లాపూర్ నాగోబా జాతరకు ఎడ్లబండ్ల మీదనే పోయేది. ఎద్దులు మెల్లగా నడుస్తయి కావున ఓర్చుకునేటోళ్లు. అదే బండిని ఇంజను పెట్టి గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గుంజితే మనిషి మీద కూర్చోలేడు. బండి కూడా పగిలిపోతది.

అందుచేత ఇరుసుకు, బండికి నడుమ స్ప్రింగు పెడతారు. చక్రము రాయి ఎక్కినప్పుడు స్ప్రింగు అణుగుతది. ఆ దెబ్బను తనలో దాచుకొని మెల్లగా వదులుతది. చక్రము ఎగిరినంత మనిషి ఎగరడు.

రాబర్ట్ హుక్ అనే ఇంగ్లాండు శాస్త్రవేత్త 1678లో స్ప్రింగు గురించి ఒక నియమము ప్రకటించాడు. స్ప్రింగు మీద బరువు రెండింతలు పెడితే అది రెండింతలు సాగుతుంది లేక అణుగుతుంది. మూడింతలు పెడితే మూడింతలు. కాని హద్దు దాటితే మళ్లీ పాత రూపానికి రాదు. ఈ నియమము కమాన్ కట్టకు, కాయిల్ స్ప్రింగుకు రెండింటికీ వర్తిస్తుంది. ముందు లెక్క చేసేటప్పుడు దీనితో పని ఉంది, గుర్తుంచుకోండి.

స్ప్రింగు ఒక్కటే ఉంటే బండి చాలాసేపు ఊగుతనే ఉంటది. ఆ ఊపును ఆపేది షాక్ అబ్జార్బరు. మెకానిక్కులు షాక్ అబ్జర్వర్ అంటారు. అది గొట్టము లెక్క ఉంటది, లోపల నూనె ఉంటది. స్ప్రింగు బరువును మోస్తది, షాక్ అబ్జార్బరు ఊపును ఆపుతది. రెండూ ఒకటి కాదు.

కమాన్ కట్ట అంటే ఏమిటి?

కమాన్ అంటే ఉర్దూలో విల్లు. మన గూడెములో వెదురుతో చేసే విల్లును చూడండి. నడుమ మందముగా, కొసలకు సన్నముగా ఉంటది. అందుకే విరగకుండ సమానముగా వంగుతది. కమాన్ కట్ట కూడా అట్లనే. పొడుగాటి ఉక్కు పట్టీ పైన ఉంటది. దాని కింద కొంచెము చిన్నది, దాని కింద ఇంకా చిన్నది, ఇట్ల వరుసగా పేరుస్తారు. నడుమ అన్ని పట్టీలు ఉంటయి కావున మందము. కొసలకు ఒక్కటే పట్టీ ఉంటది కావున సన్నము. ఇనుముతో చేసిన విల్లు అన్నట్టు.

పట్టీలన్నిటికి నడుమ ఒక రంధ్రము చేసి సెంటర్ బోల్టు వేస్తారు. యూ ఆకారపు బోల్టులతో ఇరుసుకు బిగిస్తారు. పెద్ద పట్టీ రెండు కొసలను గుండ్రముగా చుట్టి బండి చాసీకి తగిలిస్తారు. ఒక కొస గట్టిగా ఉంటది. ఇంకొక కొస ఊగే కొండికి ఉంటది. ఎందుకంటే వంగిన పట్టీ బరువుకు సాపు అయినప్పుడు పొడుగు పెరుగుతది. ఆ కొస కదలకపోతే విరుగుతది.

కమాన్ కట్ట ఒక్కటే మూడు పనులు చేస్తుంది.
1. బరువును మోస్తుంది.
2. ఇరుసు ముందుకు, వెనుకకు, పక్కకు జరగకుండా పట్టుకుంటుంది.
3. పట్టీలు ఒకదానిమీద ఒకటి రాసుకుంటయి కావున ఊపును కూడా కొంత ఆపుతుంది.

ఆ రాసుకోవడములోనే ఒక నష్టము కూడా ఉంది. చిన్న చిన్న రాళ్లకు పట్టీలు తొందరగా కదలవు. ఆ గజగజ మన నడుముకు వస్తది. తుప్పు పడితే ఇంకా ఎక్కువ. నిటారు ఎక్కేటప్పుడు ఇంకొక బాధ ఉంది. ఇరుసు తిరిగే బలానికి కట్ట మెలి పడుతది, చక్రము టకటక కొట్టుకుంటది.

సిద్దిపేట మీదుగా రాజీవ్ రహదారి పోతది. హైదరాబాదు నుండి కరీంనగర్, రామగుండం పోయే లారీలను వెనుక నుండి చూడండి. చక్రాల నడుమ లావు కమాన్ కట్టలు కనపడతయి. కూరగాయలు తెచ్చే ఛోటా హాతీ బండి, అనగా టాటా ఏస్ కింద కూడా ముందు, వెనుక కమానులే ఉంటయి.

కాయిల్ స్ప్రింగు అంటే ఏమిటి?

బటన్ పెన్ను విప్పితే లోపల చిన్న స్ప్రింగు వస్తది. అదే రకము స్ప్రింగును లావు ఉక్కు కడ్డీతో చేస్తే బండి కాయిల్ స్ప్రింగు అవుతుంది. కాకర తీగను చూడండి. అది పందిరిని పట్టుకునే సన్న నులితీగ చుట్టలు చుట్టలుగా ఉంటది. గాలి వస్తే సాగుతది, మళ్లీ దగ్గరికి వస్తది. అందుకే గాలి దుమారానికి కూడా తీగ తెగదు.

కాయిల్‌లో పట్టీలు రాసుకునేది లేదు. కావున చిన్న రాయికి కూడా వెంటనే కదులుతది. కమాన్ కట్ట కంటే తక్కువ బరువు, తక్కువ జాగ. కాని అది ఒక్క పనే చేస్తుంది. పైన బరువును మోస్తుంది, అంతే. ఇరుసును పట్టుకోదు. కావున ఇరుసు జరగకుండా పొడుగు రాడ్లు పెట్టాలె. ఆ రాడ్ల కొసలకు రబ్బరు బుష్షులు ఉండాలె. షాక్ అబ్జార్బరు కూడా మంచిది ఉండాలె. అంటే సామాను ఎక్కువ, ఖర్చు ఎక్కువ. ఏ బుష్షు అరిగినా బండి పక్కకు గుంజుతది.

రాళ్ల దారిలో ఏది మంచిది?

వాగులో పోయేటప్పుడు ఒక చక్రము బండరాయి మీద ఉంటది, ఇంకొక చక్రము గుంతలో ఉంటది. గుంతలో ఉన్న చక్రము కిందికి దిగి నేలను తాకితేనే బండి ముందుకు పోతది. గాలిలో ఉంటే వట్టిగ తిరుగుతది. కావున చక్రము ఎంత కిందికి, ఎంత మీదికి కదలగలదు అనేది అడవి బండికి చాలా ముఖ్యము.

ఇక్కడ కాయిల్ గెలుస్తది. రాడ్లు మంచిగ అమర్చితే చక్రము ఎక్కువ దూరము కదులుతది. ఇంగ్లాండులో 1970లో రేంజ్ రోవర్ అనే బండి వచ్చింది. అది అడవిలో, పొలాలలో తిరిగే బండి అయినా నాలుగు చక్రాలకు కాయిల్ స్ప్రింగులే పెట్టారు. అంతకు ముందు అటువంటి బండ్లకు ఎక్కువగా కమానులే ఉండేవి.

అయితే కమాన్ జీపు వాగు దాటదా అంటే దాటుతది. మన బాటలలో ఏండ్ల తరబడి దాటినయి అవే. కాని మెల్లగా, బాట చూసుకుంట పోవాలె.

బరువు సంగతి

అందరూ కమాన్ గట్టిది, కాయిల్ మెత్తది అంటారు. పూర్తిగా అట్ల కాదు. కమాన్‌ను మెత్తగా కూడా చేయవచ్చు, కాయిల్‌ను గట్టిగా కూడా చేయవచ్చు. కాని కమాన్ కట్ట పెట్టిన బండి ఎక్కువగా బరువు కొరకు తయారు చేసినది. అందుకే గట్టిగా ఉంటది. హుక్ నియమముతో ఒక లెక్క చేద్దాము. ఈ అంకెలు లెక్క సులువుగా ఉండాలని నేను తీసుకున్నవి.

గట్టి స్ప్రింగు 1 సెంటీమీటరు అణగడానికి 40 కిలోలు కావాలె అనుకోండి. మెత్తటి దానికి 20 కిలోలు చాలు. ఖాళీ జీపులో ఒక వెనుక చక్రము మీద 200 కిలోల బరువు ఉంది. జనము ఎక్కితే 400 కిలోలు అవుతుంది. ఇప్పుడు ఆ చక్రము 4 సెంటీమీటర్ల రాయి ఎక్కింది. గట్టి స్ప్రింగు 4 × 40 = 160 కిలోల బలముతో బండిని మీదికి తోస్తుంది. మెత్తటిది 4 × 20 = 80 కిలోలతో తోస్తుంది.

గట్టి స్ప్రింగు, ఖాళీ జీపు: 200 కిలోలకు 160 తోపు. అయిదింట నాలుగు వంతులు.
గట్టి స్ప్రింగు, నిండు జీపు: 400 కిలోలకు 160. అయిదింట రెండు వంతులు.
మెత్తటి స్ప్రింగు, ఖాళీ జీపు: 200 కిలోలకు 80. ఇదీ అయిదింట రెండు వంతులే.
మెత్తటి స్ప్రింగు, నిండు జీపు: 400 కిలోలకు 80. అయిదింట ఒక వంతు.

రెండవ దానిని, మూడవ దానిని పక్కపక్కన పెట్టి చూడండి. నిండా జనము ఉన్న కమాన్ జీపు, ఖాళీగా ఉన్న మెత్తటి బండి, రెండింటి కుదుపు సమానము! కావున కమాన్ జీపు ఎప్పుడూ గట్టిది కాదు. ఖాళీగా ఉన్నప్పుడే గట్టిది.

నాలుగవది అన్నిటికంటే మెత్తగా ఉన్నది కదా, మరి అదే తీసుకోవచ్చు కదా అని మీరు అడుగుతారు. కాని జనము ఎక్కంగనే 200 కిలోలు పెరుగుతయి. గట్టి స్ప్రింగు 5 సెంటీమీటర్లు దిగుతది. మెత్తటిది 10 సెంటీమీటర్లు దిగుతది. బండి వెనుక కూర్చుంటది. ఆపైన గుంత వస్తే స్ప్రింగు అణగడానికి జాగ ఉండదు. ఇరుసు పోయి రబ్బరు దిమ్మకు ధన్‌మని కొట్టుకుంటది. ఆ దెబ్బ అన్నిటికంటే చెడ్డది.

విరిగితే ఏమి చేయాలె?

కమాన్ కట్టలో కింది చిన్న పట్టీ విరిగితే మిగతా పట్టీలు మోస్తయి. మెల్లగా ఊరు చేరవచ్చు. విరిగిన ఒక్క పట్టీనే మార్చుకోవచ్చు. కాని పై పెద్ద పట్టీ విరిగినా, సెంటర్ బోల్టు తెగినా ప్రమాదము. ఇరుసు పక్కకు జరుగుతది, స్టీరింగు మాట వినదు. అప్పుడు బండి ఆపాలె.

కమాన్ పని చేసే మేస్త్రీలు చిన్న పట్నములలో కూడా ఉంటారు. సాపు అయిపోయిన పట్టీని కాల్చి, కొట్టి మళ్లీ వంపు తెస్తారు. కాల్చిన తర్వాత సరిగ్గా నీరు పట్టించకపోతే అది తొందరగా మళ్లీ కూర్చుంటది. పాడైన పట్టీ కూడా వృథా పోదు. అది మంచి ఉక్కు. మన ఊర్లలో కమ్మరి దానితో గొడ్డలి, కత్తి, కొడవలి చేస్తాడు. కాయిల్ స్ప్రింగు తక్కువగా విరుగుతది. కాని విరిగితే కొట్టి బాగుచేసేది లేదు, కొత్తది తేవాలె. అది పెద్ద పట్నములో దొరుకుతది.

కంపెనీలు ఏమి చేసినయి?

రెండవ ప్రపంచ యుద్ధములో 1941 నుండి అమెరికా సైన్యము కొరకు విల్లీస్ జీపులు తయారైనవి. వాటికి నాలుగు చక్రాలకు కమానులే. మన దేశములో మహీంద్రా కంపెనీ 1940ల చివర ఆ జీపులను బిగించడము మొదలుపెట్టింది. తర్వాత వచ్చిన కమాండర్ జీపులకు కూడా కమానులే. 1985లో వచ్చిన మారుతి జిప్సీకి కూడా నాలుగు దిక్కుల కమానులే. మన సైన్యము దానిని చాలా ఏండ్లు వాడింది.

2010లో వచ్చిన మహీంద్రా థార్‌కు వెనుక కమాన్ కట్టలు ఉండేవి. 2020 అక్టోబరులో వచ్చిన కొత్త థార్‌కు నాలుగు చక్రాలకు కాయిల్ పెట్టారు. జిప్సీ పోయి 2023లో వచ్చిన జిమ్నీకి కూడా నాలుగు కాయిల్ స్ప్రింగులే. ఈ బండ్లు కొనేవారు ఎక్కువగా నలుగురే ఎక్కుతారు, బరువు వేయరు. మెత్తగా ఉండాలని కోరుతారు. కావున కాయిల్ పెట్టారు.

కాని ఇప్పుడు వచ్చే బొలెరోను చూడండి. ముందు కాయిల్, వెనుక కమాన్ కట్ట. ముందు ఇంజను బరువు ఎప్పుడూ ఒకటే కావున మెత్తటి కాయిల్ పెట్టవచ్చు. వెనుక ఒకనాడు ఖాళీ, ఒకనాడు పది మంది. కావున కమాన్ పెట్టారు. జపాను వారి టొయోటా ల్యాండ్ క్రూయిజర్ 70 బండికి కూడా ఇదే పద్ధతి. అది ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో రోడ్లు లేని చోట తిరుగుతుంది.

మా కాక ప్రశ్న

మా ఇంట్లో బడికి వచ్చింది నేను ఒక్కదాన్నే. మా కాక అప్పు తీసుకొని పాత బండి కొనాలని చూస్తున్నాడు. "నువ్వు తొమ్మిది చదువుతున్నవు గద బిడ్డా, ఏ బండి మంచిగుంటదో చెప్పు" అని నన్ను అడిగిండు. మా గూడెము వాగుకు అవతల ఉంటది. అంగడి రోజు ఆ బండిలో పది మంది ఎక్కుతారు. చింతపండు, ఇప్ప పువ్వు, పత్తి మూటలు మీద వేస్తారు. అప్పు కట్టేది ఆ కిరాయితోనే. కాని మిగతా రోజులలో జ్వరమొచ్చిన పిల్లగాండ్లు, కాన్పు నొప్పులు వచ్చిన ఆడోళ్లు పోయేది కూడా ఆ బండిలోనే. అంబులెన్సు నిలబడే తారు రోడ్డు దాకా చేర్చాలె. మా పెద్దక్కను అట్లనే తీసుకపోయినము. జీపులో ముగ్గురమే ఉన్నము. ప్రతి రాయి దగ్గర ఆమె ఇనుప కమ్మిని పట్టుకొని లేచేది. అప్పుడు నాకు బాట మీదనే కోపము వచ్చింది. ఇప్పుడు లెక్క చేస్తే తెలుస్తున్నది. మేము ఎక్కింది గట్టి స్ప్రింగు, ఖాళీ జీపు.

చూడండి మిత్రులారా, ఆరోగ్యముగా ఉన్నవాళ్లు అంగడికి పోయేటప్పుడు జీపు నిండుగా ఉంటది, కుదుపు తక్కువ. రోగము ఉన్నవాళ్లు పోయేటప్పుడు జీపు ఖాళీగా ఉంటది, కుదుపు ఎక్కువ. ఎవరికి ఎక్కువ సుఖము కావాలో వారికే ఎక్కువ దెబ్బ తగులుతున్నది.

కావున నేను కాకకు చెప్పినది ఇది. నాలుగు కాయిల్‌ల బండి మనకు ధర ఎక్కువ, అంగడి బరువుకు వెనుక కూర్చుంటది. నాలుగు కమానుల పాత జీపు చవుక, కాని రోగికి కష్టము. ముందు కాయిల్, వెనుక కమాన్ ఉన్న బండి మనకు సరి. దానికి కూడా వెనుక ఇంకొక పట్టీ ఎక్కువ వేయించవద్దు. ఎక్కువ కిరాయి వస్తదని చాలామంది వేయిస్తారు. అంగడి ఒక్క రోజే, మిగతా రోజులు ఆ పట్టీ రోగి నడుము మీద పడుతది.

రోగిని తీసుకపోయేటప్పుడు

ఇప్పటికే కమాన్ జీపు ఉన్న గూడేలు ఎక్కువ. కొత్త బండి కొనకున్నా ఈ క్రింది పనులు చేయవచ్చును.

1. రోగిని వెనుక ఇరుసు మీద కూర్చోబెట్టవద్దు. బస్సులో చివరి సీటు ఎట్ల ఎగరేస్తదో మనకు తెలుసు. ముందు చక్రాలకు, వెనుక చక్రాలకు నడుమ ఉన్న సీటులో కుదుపు తక్కువ.
2. వెనుక ఖాళీగా పోవద్దు. తోడు వచ్చేవాళ్లు వెనుక కూర్చోవాలె. మనుషులు లేకుంటే రెండు, మూడు బస్తాలు వేసి కదలకుండ తాడుతో కట్టాలె. పైన లెక్కలో ఒక్కో చక్రము మీద 50 కిలోలు పెరిగితే 250కి 160 అవుతుంది. కుదుపు కొంత తగ్గినట్టే.
3. మెల్లగా నడపాలె. ఖర్చు లేని మందు ఇదే.
4. పట్టీల నడుమ మట్టి, తుప్పు తీయించి గ్రీజు పెట్టించాలె. యూ బోల్టులు వదులు అయినయా అని చూడాలె.
5. షాక్ అబ్జార్బరు నుండి నూనె కారుతుంటే మార్పించాలె. అది పని చేయకపోతే ఏ స్ప్రింగు ఉన్నా ఒకటే.

చివరి మాట

ఏ స్ప్రింగు మంచిది అని అడిగితే ఒక్క మాటలో జవాబు లేదు. బండి రోజూ ఏమి మోస్తుంది, విరిగితే ఎక్కడ బాగవుతుంది, అందులో ఎవరు ఎక్కుతారు, ఈ మూడు అడగాలె. లారీకి కమాన్, నలుగురు తిరిగే బండికి కాయిల్, మన గూడెము బండికి ముందు అది, వెనుక ఇది.

ఈసారి ఊరికి పోయినప్పుడు మీ బండి ఆగి ఉన్నప్పుడు కిందికి వంగి చూడండి. ఎన్ని పట్టీలు ఉన్నయో లెక్కపెట్టండి. ఎక్కువ పట్టీ వేసి ఉంటే డ్రైవరన్నను ఎందుకు వేసినవే అన్నా అని అడగండి. రాసుకొని వస్తే అన్ని గూడేల బండ్ల లెక్క ఒక చార్టు మీద రాసి ఇదే గోడకు పెడదాము.

ఇట్లు,
మీ చెల్లె,
9వ తరగతి